హిమాలయన్ 411 మీద జీపీఎస్ ఎక్కడ బిగించాలి? హ్యాండిల్ మీదా, మీటరు పైనా?

దారిబత్తెం:

అందరికీ నమస్కారం. బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ల 2019 హిమాలయన్ 411, బీఎస్4. ముందు గ్లాసు, హ్యాండిల్ రెండూ కంపెనీవే, ఏమీ మార్చలేదు. గార్మిన్ జూమో ఎక్స్‌టీ అనే జీపీఎస్ యంత్రం ఒకటి సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. దాంతోపాటు పవర్ క్రేడిల్ (యంత్రాన్ని పట్టుకుని కరెంటు ఇచ్చే తొడుగు), పైపుకి బిగించే అంగుళం బాల్ ఉన్న బేసు, ఆ రెండింటినీ కలిపే చేయి కూడా ఉన్నాయి. ఖమ్మం నుంచి భద్రాచలం, చింతూరు, మారేడుమిల్లి ఘాటు మీదుగా రాజమండ్రి, అక్కడి నుంచి నర్సీపట్నం వైపు లంబసింగి, అరకు వెళ్లాలని ఆలోచన. ఈలోపే బిగించుకోవాలి.

హ్యాండిల్ మధ్యలో క్లాంపు దగ్గర పెట్టి చూస్తే మీటరు సగం మూసుకుపోతోంది. ఎడమ అద్దం కాడకి పెట్టమని షాపులో అంటున్నారు. మీటరు పైన, గ్లాసు ఫ్రేముకి అడ్డంగా పైపు వేసే బ్రాకెట్లు కూడా అమ్ముతున్నారు. ఈ మూడింట్లో ఏది నయం? కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి తీసుకోవచ్చా? జూమో పక్కన పెట్టి ఫోనే వాడితే ఏమైనా ఇబ్బందా? నా ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. మట్టి రోడ్డు వస్తే నిలబడే నడుపుతాను.

రింగ్‌స్పానర్:

ముందు బ్రాకెట్ కొనకు తమ్ముడూ. అట్టముక్క తీసుకో. జూమోని దాని మీద పెట్టి చుట్టూ గీత గీసి, ఆ కొలతకి కత్తిరించు. దాన్ని ఒక సైకిల్ స్పోకుకి టేపుతో అతికిస్తే కావలసినట్టు వంచి ఎక్కడైనా నిలబెట్టొచ్చు. ఇప్పుడు బండిని సెంటర్ స్టాండ్ మీద ఎక్కించి, హెల్మెట్ పెట్టుకుని, గ్లౌజులు వేసుకుని, రోడ్డు మీద ఎలా కూర్చుంటావో అలాగే కూర్చో. హెల్మెట్ లేకుండా చూస్తే లెక్క తప్పుతుంది. గడ్డం దగ్గర హెల్మెట్ అంచు కిందివైపు చూపును బాగా కోసేస్తుంది. మామూలుగా కనబడే ట్యాంకు పైభాగం హెల్మెట్‌లో తల వంచితే తప్ప కనబడదు.

ఆ అట్టముక్కతో నాలుగు సంగతులు చూడాలి.

మొదటిది కన్ను. రోడ్డు చూస్తూ, తల కదపకుండా, కనుగుడ్లు మాత్రం దించితే తెర కనబడాలి. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది, 80లో 22 మీటర్లు. తెర ఎంత కిందికి ఉంటే చూపు దిగి మళ్లీ పైకి రావడానికి అంత సేపు పడుతుంది. ట్యాంక్ బ్యాగు మీద జీపీఎస్ పెట్టొద్దనేది ఇందుకే. ఒక్కో చూపుకీ తల మొత్తం వంచాలి.

రెండోది మీటరు. కీ ఆన్ చేసి చూడు. న్యూట్రల్, హై బీమ్, ఇండికేటర్, ఇంజను లైట్లలో ఒక్కటీ అట్ట వెనక దాగకూడదు. పగలు ఇండికేటర్ లైటు కనబడకపోతే మలుపు దాటాక కూడా అది కొట్టుకుంటూనే ఉంటుంది, వెనక వచ్చే లారీవాడు నువ్వు ఇంకా తిరుగుతావనుకుంటాడు. కూర్చుని చూసినంతనే సరిపోదు, ఫుట్‌రెస్టుల మీద నిలబడి కూడా చూడు. నిలబడ్డప్పుడు కన్ను బాగా పైకి పోతుంది, అప్పుడు తెర ఆకాశాన్ని అద్దంలా చూపిస్తుంటే వంపు మార్చుకోవాలి.

మూడోది హ్యాండిల్ తిప్పడం. ఇది హిమాలయన్‌కి ప్రత్యేకం. 411లో హెడ్‌లైటు, మీటరు, గ్లాసు చాసిస్‌కి బిగించి ఉంటాయి, హ్యాండిల్‌తో పాటు తిరగవు. కాబట్టి హ్యాండిల్ మీద పెట్టిన ఏ వస్తువైనా ఫుల్ లాక్ తిప్పినప్పుడు గ్లాసు మీదికో మీటరు మీదికో వస్తుంది. ఎడమకి ఒకసారి, కుడికి ఒకసారి చివరంటా తిప్పి, వేలు మందం సందు అంటే కనీసం 12 మి.మీ. ఉందో లేదో చూడు. నిలబెట్టిన బండిలో 3 మి.మీ. సందు సరిపోతుందనిపిస్తుంది. గుంతలో పడ్డప్పుడు చేయి ఊగి తెర అంచు గ్లాసుకి కొడుతుంది. ఘాటు రోడ్డులో యూ-టర్న్ తీసుకుంటుండగా హ్యాండిల్ అడ్డం పడితే బండి పక్కకి పడిపోతుంది. ట్యాంకు వైపు కూడా చూడు, ఫుల్ లాక్‌లో గ్లౌజు వేసిన పిడికిలి ఎక్కడా నలగకూడదు.

నాలుగోది ఎడమ చెయ్యి. కుడి చెయ్యి యాక్సిలరేటర్ వదలదు కాబట్టి తెర తాకాల్సింది ఎడమ చేత్తోనే. మధ్యనుంచి కొంచెం ఎడమకి జరిపితే బండి ఆగినప్పుడు సులువుగా అందుతుంది.

ఇవన్నీ లెక్కలోకి తీసుకుంటే నీ బండికి మీటరు పైన అడ్డ పైపే మొదటి మాట. తెర కంటికి దగ్గరవుతుంది, మీటరు మూసుకోదు, హ్యాండిల్ తిరిగినా వైరు కదలదు. రెండో మాట హ్యాండిల్ మీద, క్లాంపుకి ఎడమ పక్కన, పైపు వంపు తిరిగే లోపు ఉన్న ఆ నేరు ముక్క. అక్కడ పెడితే చేయి పొట్టిగా ఉండాలి.

అడ్డ పైపులోనూ మంచీ చెడూ ఉన్నాయి. రెండు వైపులా ఫ్రేముకి బిగిసేదే తీసుకో, ఒక వైపే పట్టు ఉన్నది వద్దు. ఒంటి పట్టు బ్రాకెట్ గతుకుల్లో తల ఊపుతుంది, కొన్నాళ్లకి వంపు దగ్గర పగులు వస్తుంది. బ్రాకెట్‌ని గ్లాసు స్క్రూల కిందే బిగించే రకమైతే స్క్రూ పొడవు చూసుకో. బ్రాకెట్ రేకు 3 మి.మీ. మందం ఉంటే స్క్రూ కూడా పాతదానికన్నా 3 మి.మీ. ఎక్కువ పొడుగు కావాలి. పాత స్క్రూతోనే లాగితే లోపల రెండు మరలే పట్టుకుంటాయి, పైకి గట్టిగా ఉన్నట్టే ఉండి ఒకరోజు ఊడొస్తుంది. గ్లాసుకి ఉన్న రబ్బరు బుష్‌లు తీయొద్దు. అవి లేకుండా బిగిస్తే రంధ్రం దగ్గర గ్లాసు నక్షత్రంలా చీలుతుంది. చేత్తో తిరిగినంత తిప్పి, ఆపైన అలెన్ కీతో పావు చుట్టు చాలు.

మధిర350:

ఇంత తతంగం ఎందుకన్నా? 14 నంబర్ స్పానర్‌తో అద్దం విప్పి, మధ్యలో మౌంటు ప్లేటు పెట్టి మళ్లీ బిగిస్తే 5 నిమిషాల పని. స్కూటర్లకి డెలివరీ కుర్రాళ్లందరూ అలాగే పెడుతున్నారు కదా.

రింగ్‌స్పానర్:

స్కూటర్‌కి అది సరైనదే తమ్ముడూ. యాక్టివా లాంటి వాటికి హ్యాండిల్ మొత్తం ప్లాస్టిక్ కవర్‌లో ఉంటుంది, పట్టుకోవడానికి వేరే పైపు కనబడదు, వేగమూ తక్కువ. ఈ బండి సంగతి వేరు. అద్దం కాడ ఉండేది హ్యాండిల్ చివరికి దగ్గరగా, అక్కడ ఇంజను వణుకు మధ్యలో కన్నా ఎక్కువ. దాని మీద పావుకిలో జూమోని చేయి పెట్టి నిలబెడితే అద్దంలో వెనక బండి ఒకటికి రెండుగా కనబడుతుంది. గతుకులకి ఆ బరువే స్పానరై అద్దం బోల్టుని తిప్పేస్తుంది, పొద్దున సరిచేసిన అద్దం మధ్యాహ్నానికి భుజాన్ని చూపిస్తుంది. పైగా తెర మరీ పక్కకి పోయి, చూడాలంటే తల తిప్పాల్సి వస్తుంది.

అద్దానికే పెట్టక తప్పదనుకున్న వేరే బండ్లవాళ్లకి ఒక మాట. ఎక్కువ బండ్లకి అద్దం మర ఎం10 (10 మి.మీ. మందం), 1.25 పిచ్ (మర గీతల మధ్య దూరం, మి.మీ.లో). కానీ యమహా బండ్లలో చాలావాటికి కుడి అద్దం మర ఉల్టా తిరుగుతుంది. తెలియక మామూలు వైపు బలంగా తిప్పితే మర చచ్చిపోతుంది, ఆ మర ఉన్నది బ్రేకు మాస్టర్ సిలిండర్ పట్టులో. అది మార్చడం చిన్న ఖర్చు కాదు. అసలు బ్రేకు లీవరు పట్టుకునే క్లాంపు బోల్టుల జోలికి జీపీఎస్ కోసం వెళ్లకపోవడం మంచిది.

కీఆన్:

మౌంటు సంగతి పైన చెప్పేశారు, నేను కరెంటు గురించి రాస్తాను.

నేరుగా బ్యాటరీకి కలపొచ్చా అంటే, కలిపితే పని చేస్తుంది, కానీ బండి ఆపినా లాగుతూనే ఉంటుంది. యూఎస్‌బీ చార్జరు ఖాళీగా ఉన్నా, లోపల వోల్టు చూపించే చిన్న ఎర్రలైటు ఉంటే 20 మిల్లీ ఆంపియర్ల దాకా తాగుతుంది. రోజుకి 24 గంటలు చొప్పున దాదాపు అర ఆంపియర్-అవర్. నీ బండి బ్యాటరీ 8 ఆంపియర్-అవర్. వారం కదపకపోతే మూడున్నర పోతుంది, రెండు వారాలైతే బండి సెల్ఫ్ తీసుకోదు. 411కి కిక్కు లేదని గుర్తుంచుకో, తోసి స్టార్ట్ చేద్దామన్నా ఫ్యూయల్ పంపుకి కరెంటు కావాలి.

అందుకని కీతో ఆన్, కీతో ఆఫ్ అయ్యేలా చేసుకో. జూమో ఒక్కటే అయితే కీ ఆన్ లైను నుంచి చిన్న ఫ్యూజు పెట్టి తీసుకున్నా సరిపోతుంది. రేపు ఫోన్ చార్జరు, ఫాగ్ లైట్లు అంటావు కాబట్టి ఇప్పుడే నాలుగు కాళ్ల రిలే (సన్న వైరు కరెంటుతో పెద్ద లైనుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్) పెట్టు. పెద్ద ఖర్చేమీ కాదు.

రిలే కాళ్ల మీద నంబర్లుంటాయి. 30కి బ్యాటరీ ప్లస్, మధ్యలో ఫ్యూజుతో. 87 నుంచి జీపీఎస్‌కి ప్లస్. 86కి కీ ఆన్ చేస్తే కరెంటు వచ్చే సన్న వైరు. 85 బ్యాటరీ మైనస్‌కి. 86కి వెనక పార్కింగ్ లైటు వైరు వాడొచ్చు. ఏ వైరో రంగు చూసి నమ్మొద్దు, మల్టీమీటరు పెట్టు. నల్ల పుల్ల బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర పుల్ల వైరు మీద. కీ ఆన్‌లో 12 పైన చూపించాలి, ఆఫ్‌లో సున్నా కావాలి. బ్రేకు నొక్కితేనే వచ్చే వైరైతే అది బ్రేక్ లైటుది, దాన్ని వదిలేయ్.

ఫ్యూజు ఎంత అంటే, 18 వాట్ల చార్జరు 12 వోల్టుల దగ్గర ఒకటిన్నర ఆంపియర్లు, లోపలి నష్టం కలిపి రెండులోపు. జూమో కూడా కలిపినా 5 ఆంపియర్ల ఫ్యూజు చాలు. 15 ఆంపియర్లది ఉంది కదా అని పెట్టొద్దు, ఫ్యూజు కాపాడేది జీపీఎస్‌ని కాదు, వైరుని. ఎక్కడైనా వైరు ఒరిసి చాసిస్‌కి తగిలితే 15 ఆంపియర్ల ఫ్యూజు ఎగిరేలోపు సన్న వైరు తొడుగు కరిగిపోతుంది. ఫ్యూజు బ్యాటరీకి జానెడు లోపే ఉండాలి. జీపీఎస్ దగ్గర పెడితే మధ్యలో ఉన్న మీటరున్నర వైరుకి రక్షణ లేదు. వైరు 0.75 చదరపు మి.మీ.ది తీసుకో, చాలా పోగులున్న మెత్తటిది. ఇళ్లకి వాడే ఒంటి తీగ వైరు వణుకుకి లోపలే తెగుతుంది.

పని మొదలుపెట్టేటప్పుడు ముందు బ్యాటరీ మైనస్ విప్పు, అన్నీ అయ్యాక చివర బిగించు. ముందే ప్లస్ విప్పబోతే స్పానర్ చాసిస్‌కి తగిలిందా, నిప్పురవ్వలే.

అతుకుల దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. వైరు కొయ్యకుండా పైన నొక్కితే లోపల గుచ్చుకునే నీలం క్లిప్పులు అమ్ముతారు. అవి పోగుల్ని కోస్తాయి, ఒక వానాకాలం గడిచేసరికి లోపల పచ్చగా చిలుము పడుతుంది. సోల్డర్ చేస్తే ఆ చివర గట్టిపడి, గట్టి భాగం, మెత్తటి భాగం కలిసేచోట వణుక్కి విరుగుతుంది. క్రింప్ చేసి (అంటే లోహపు గొట్టంలో పెట్టి ప్లయర్‌తో నొక్కి), పైన జిగురున్న హీట్ ష్రింక్ స్లీవు (వేడికి ముడుచుకునే తొడుగు) ఎక్కించి, అతుకుకి రెండు వైపులా కేబుల్ టై వేసి వైరు ఊగకుండా కట్టెయ్. క్రింప్ అయ్యాక గట్టిగా లాగి చూడు. ఊడితే ఇక్కడే ఊడాలి కానీ చింతూరు అడవిలో కాదు.

వైరుని కంపెనీ వైరింగ్ పక్కనే, ట్యాంకు కింద చాసిస్ పైపు వెంబడి తీసుకెళ్లు. ఇంజను తలకి, సైలెన్సర్ పైపుకి తగలకూడదు. మీటరు పైన అడ్డ పైపు వేస్తున్నావు కాబట్టి హ్యాండిల్ మలుపు బాధ లేదు. హ్యాండిల్ మీద పెట్టేవాళ్లు మాత్రం రెండు వైపులా ఫుల్ లాక్ తిప్పి, ఎక్కువ లాగే వైపు కూడా వైరు కాస్త వదులుగా ఉండేలా చూసుకోవాలి. క్లచ్ కేబులుకి, యాక్సిలరేటర్ కేబులుకి కట్టొద్దు. యాక్సిలరేటర్ వైరు బిగుసుకుని వెనక్కి రాకపోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అంతా అయ్యాక ఇంజను నడుస్తుండగా హ్యాండిల్ అటూ ఇటూ తిప్పు. ఆర్‌పీఎం పెరిగితే ఎక్కడో కేబులు లాగబడుతున్నట్టే.

పాపికొండలు:

ఫోను గురించి అడిగారు. జూమో చేతిలో ఉంటే ఫోను జేబులోనే ఉంచుకోండి, ఎందుకో చెప్తాను.

కెమెరా ముందు చూద్దాం. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి కెమెరా లెన్సు స్థిరంగా ఒకచోట ఉండదు, చెయ్యి వణికినా ఫొటో చెదరకుండా సన్నటి స్ప్రింగుల మీద తేలుతూ ఉంటుంది. సింగిల్ సిలిండర్ ఇంజను 4000 ఆర్‌పీఎంలో సెకనుకి 67 సార్లు కొట్టుకుంటుంది. గంటల తరబడి ఆ వణుకు తగిలితే లెన్సు కదలిక పాడై, ఫొటో తీయబోతే కెమెరా లోపల చిటచిటమంటుంది, ఫోకస్ కుదరదు. పెద్ద ఇంజను ఉన్న మోటార్‌సైకిళ్ల హ్యాండిల్‌కి ఐఫోన్ బిగించొద్దని యాపిల్ సంస్థే 2021లో రాతపూర్వకంగా చెప్పింది. మోపెడ్లకి, స్కూటర్లకి పెట్టినా వణుకు తగ్గించే మౌంటు వాడమంది. వేరే కంపెనీల ఫోన్లలో ఉన్నదీ అలాంటి యంత్రాంగమే. హిమాలయన్ ఇంజనులో వణుకు తగ్గించే బ్యాలెన్సర్ ఉంది కాబట్టి పాత బుల్లెట్ అంత వణుకు రాదు, అయినా హ్యాండిల్ వరకు చేరేది చేరుతూనే ఉంటుంది.

ఫోనే పెట్టాలనుకుంటే ఇంట్లో పాతది, కెమెరా గురించి బెంగలేనిది ఒకటి వెతకండి. జీపీఎస్‌కి సిమ్ అక్కర్లేదు, అది ఉపగ్రహం నుంచి నేరుగా తీసుకుంటుంది. మ్యాపు ముందే ఆఫ్‌లైన్‌లో దింపుకుంటే చాలు. మీరు చెప్పిన చింతూరు, మారేడుమిల్లి మధ్య, ఆపైన మన్యం ఊళ్లలో ఎలాగూ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. అందుకని జూమో పెట్టినా ఫోనులో ఆ ప్రాంతం మ్యాపు దింపుకోండి. ఒకటి పనిచేయకపోతే రెండోది ఉంటుంది.

ఎండ ఇంకో సమస్య. మామూలు ఫోను 35 డిగ్రీల లోపు వాతావరణానికి చేసింది. మన ఖమ్మం, కొత్తగూడెం వైపు మే నెలలో 45 దాకా పోతుంది. దానికి నేరు ఎండ, ఫుల్ బ్రైట్‌నెస్, చార్జింగ్ వేడి తోడైతే ముందు చార్జింగ్ ఆగుతుంది, తర్వాత తెర మసకబారుతుంది, చివరికి ఫోనే ఆగిపోతుంది. ఇది ఫోను పాడవడం కాదు, తనను తాను కాపాడుకోవడం. వెనక కవరు తీసేయండి. వెనక నుంచి గాలి తగిలేలా మూలల దగ్గర పట్టుకునే మౌంటు వాడండి. జిప్పున్న ప్లాస్టిక్ పౌచ్ ఎండలో గాజు గదిలా వేడెక్కుతుంది, దాన్ని వానకే ఉంచుకోండి. వైర్‌లెస్ చార్జింగ్ ఉన్న మౌంటు వేసవిలో అస్సలు వద్దు, వేడి ఇంకా ఎక్కువ. పొద్దున వంద శాతంతో బయలుదేరి, 40కి దిగాక తీగతో కొంచెం కొంచెం ఎక్కించుకోవడం నయం.

వానలో ఫోను తెర మీద చినుకు పడితే అది వేలనుకుంటుంది. మ్యాపు దానంతటదే జరుగుతుంది, దారి రద్దయిపోతుంది. గ్లౌజులతోనే తాకేలా చేసింది కాబట్టి జూమోకి ఆ బాధ తక్కువ. నీళ్లకి ఐపీఎక్స్7 రేటింగు ఉంది, అంటే మీటరు లోతులో అరగంట ఉన్నా తట్టుకోవాలి. క్రేడిల్ నుంచి దానికి కరెంటు లోహపు పిన్నుల ద్వారా వస్తుంది, ఫోనులా సన్నటి రంధ్రంలో పిన్ను ఊగి అరిగే గొడవ లేదు. ఫోనుకి కేబులు పెట్టేవాళ్లు కేబుల్ మెడని నాలుగు వేళ్ల దూరంలో మౌంటుకి కట్టేయాలి, అప్పుడు ఊగే బరువు పిన్ను మీద పడదు. కేబులు పిన్ను కన్నా కిందికి ఒకసారి దిగి మళ్లీ పైకి వచ్చేలా వంచితే వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

నల్ల కళ్లజోడు పెట్టుకునేవాళ్లకి ఇంకొకటి. పోలరైజ్డ్ అద్దాలతో చూస్తే కొన్ని తెరలు అడ్డంగా ఉన్నప్పుడు పూర్తిగా నల్లబడతాయి, కొన్ని నిలువుగా ఉన్నప్పుడు. బిగించే ముందే ఆ కళ్లజోడుతో తెరని రెండు విధాలా తిప్పి చూడండి. ఎక్స్‌టీ నిలువుగానూ పనిచేస్తుంది కాబట్టి ఇబ్బంది ఉంటే తిప్పుకోవచ్చు.

చలానా భయం ఉన్నవాళ్లకి: దారి చూసుకోవడానికి మాత్రమే, నడిపేవాడి దృష్టి చెదరకుండా వాడుకోవచ్చని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2020 అక్టోబరు నుంచి ఉంది. చేత్తో పట్టుకుని నడపడం, నడుపుతూ టైపు చేయడం దాని కిందికి రావు. ఊరి పేరు కొట్టాలంటే బండి పక్కకి ఆపండి.

దారిబత్తెం:

అందరికీ ధన్యవాదాలు. అట్టముక్కతో చూశాను. మీటరు పైన పెడితే కూర్చున్నా నిలబడ్డా కనబడుతోంది, లైట్లన్నీ బయటే ఉన్నాయి. హ్యాండిల్ ఎడమ వైపు అయితే కుడికి ఫుల్ లాక్ తిప్పినప్పుడు గ్లాసుకి తగులుతోంది. కాబట్టి అడ్డ పైపే ఖాయం.

రెండు సందేహాలు మిగిలాయి. నా దగ్గరున్న చేయి 95 మి.మీ.ది, అదే వాడనా, పొట్టిది కొననా? బోల్టులు ఊడకుండా లాక్‌టైట్ వేయాలా?

రింగ్‌స్పానర్:

పొట్టిది కొను. ఈ అంగుళం బాల్ చేతులు సుమారు 60, 95, 150 మి.మీ. పొడవుల్లో దొరుకుతాయి. అడ్డ పైపు ఇప్పటికే కంటి దగ్గరికి తెచ్చింది కాబట్టి 60 సరిపోవాలి. చేయి పొడవైనకొద్దీ ఒకే గతుక్కి తెర ఎక్కువ ఊగుతుంది, బాల్ పట్టు మీద భారం పెరుగుతుంది. తెర కింది అంచుకి, మీటరు పై అంచుకి మధ్య 15 మి.మీ., వెనక గ్లాసుకి 20 మి.మీ. సందు వదులు. మరీ ఆనించి పెడితే గతుకుల్లో గ్లాసు వెనక్కి వంగి తెర వీపుకి తగులుతుంది.

బేసు కొలత, పైపు కొలత కలుస్తున్నాయో చూసుకో. నీ దగ్గరున్నది 22 మి.మీ. హ్యాండిల్‌కి సరిపోయే యూ-బోల్టు అయితే, సన్నటి అడ్డ పైపు మీద వదులవ్వచ్చు. అప్పుడు పాత సైకిల్ ట్యూబుని రెండు వేళ్ల వెడల్పు కోసి, సాగదీసి ఒక్క చుట్టు చుట్టి దాని మీద బిగించు. రెండు మూడు చుట్లు చుడితే రబ్బరు నలుగుతూ పోతుంది, ఎంత బిగించినా మళ్లీ వదులే. యూ-బోల్టు రెండు కాళ్ల నట్లనీ ఒకదాని తర్వాత ఒకటి అరచుట్టు చొప్పున బిగించు. ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి వస్తే బేసు వాలిపోయి ఒక అంచు మీదే నిలుస్తుంది.

క్రేడిల్ వెనక నాలుగు రంధ్రాలు 30, 38 మి.మీ. దూరాల్లో ఉంటాయి, బాల్ ప్లేటు రంధ్రాలూ అవే కొలతలు. ఈ నాలుగు స్క్రూలూ కచ్చితంగా పెట్టు, రెండుతో సరిపెట్టొద్దు.

లాక్‌టైట్ మాట. లోహానికి లోహం తగిలే చోట, అంటే బ్రాకెట్ బోల్టులకి, నీలం రంగుది 243 లాంటిది ఒక్క చుక్క వెయ్. ఎర్రది వద్దు, దాన్ని విప్పాలంటే వేడి చెయ్యాలి. ప్లాస్టిక్ దగ్గర మాత్రం ఏ రంగుదీ వేయొద్దు. ఆ ద్రవం తగిలితే చాలా ప్లాస్టిక్‌లకి సన్నటి పగుళ్లు వస్తాయి, వారంలో క్రేడిల్ మూల విరిగి చేతికొస్తుంది. క్రేడిల్ స్క్రూలకి, గ్లాసు స్క్రూలకి లోపల నైలాన్ ఉంగరం ఉన్న నట్టు పెట్టు, అదే పట్టుకుంటుంది. బాల్ మీద నూనె, పాలిష్ లేకుండా పొడిగుడ్డతో తుడిచి అప్పుడు చేయి బిగించు. ఆ రబ్బరు ఒరిపిడే దాని పట్టు.

అయ్యాక సెంటర్ స్టాండ్ మీద స్టార్ట్ చేసి 2500, 3500, 4500 దగ్గర కొంచెంసేపు ఆపి తెర మీద అక్షరాలు చూడు. ఒక ఆర్‌పీఎంలో మాత్రమే ఊరి పేరు రెండుగా కనబడితే, చేయి వంపు కొంచెం మార్చి మళ్లీ చూడు. అన్ని ఆర్‌పీఎంల్లోనూ చెదిరితే ఎక్కడో వదులుంది, బ్రాకెట్ నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటీ చేత్తో కదిపి పట్టుకో.

కీఆన్:

ఒకటి కలుపుతాను. వైరుని క్రేడిల్ నుంచి కిందికి దింపేటప్పుడు మీటరు వెనక నుంచి తీసుకెళ్లి, అక్కడ ఒక జాయింట్ కనెక్టర్ పెట్టు, వాటర్‌ప్రూఫ్ రెండు పిన్నులది. సర్వీసుకి గ్లాసు విప్పాల్సి వస్తే మెకానిక్ వైరు కొయ్యకుండా ఆ కనెక్టర్ లాగి పక్కన పెడతాడు. బ్యాటరీ వైపు నుంచి వచ్చే సగానికి ఆడ పిన్ను, క్రేడిల్ వైపు సగానికి మగ పిన్ను ఉండాలి. ఉల్టా పెడితే విప్పి వదిలేసినప్పుడు కరెంటున్న పిన్ను బయటికి ఉండి ఎక్కడైనా తగిలి ఫ్యూజు ఎగురుతుంది. రెండు మూడు ఫ్యూజులు 5 ఆంపియర్లవి సీటు కింద టేపుతో అతికించి ఉంచుకో.

పాపికొండలు:

క్రేడిల్ పట్టు ఎంత బలమైనదైనా జూమోకి ఒక తాడు కట్టండి. చేతి గడియారం పట్టీ మందమున్న నైలాన్ తాడు, ఒక చివర యంత్రానికి, ఇంకో చివర అడ్డ పైపుకి, జానెడు పొడవు చాలు. అంతకన్నా పొడవుంటే ఊడినప్పుడు వేలాడి మీటరు అద్దం పగలగొడుతుంది. టీ తాగడానికి ఆగిన ప్రతిసారీ యంత్రం ఊడదీసి జేబులో వేసుకోండి, క్రేడిల్ పిన్నుల మీద మూత పెట్టండి. దుమ్ము పడితే గుడ్డతో కాకుండా పాత టూత్‌బ్రష్‌తో తుడవండి.

రింగ్‌స్పానర్:

మొదటి 100 కిలోమీటర్లు దాటాక, అంటే నీకు భద్రాచలం చేరేసరికి, అన్ని బోల్టులకీ ఒకసారి అలెన్ కీ పెట్టి చూడు. కొత్త రబ్బరు మొదట నలిగి కొంత వదులిస్తుంది, తర్వాత ఆగిపోతుంది. 4, 5 నంబర్ల అలెన్ కీలు, 10 నంబర్ స్పానర్ ట్యాంక్ బ్యాగులో పైనే పెట్టుకో. ఘాటు ఎక్కే ముందు మళ్లీ ఒకసారి చూసుకో.